నాయనమ్మ కాల్చిన బూట్ల అక్షరాలు

పోయిన వారం నా తమ్ముడి భార్య సుజాత మా ఫ్లాటుకు వచ్చింది. నయాపూల్ వెనక గల్లీలో ఉన్న మా పాత ఇంటికి వాళ్లు మరమ్మతులు చేయిస్తున్నారు. స్నానాల గదిలో నీళ్ల పొయ్యి పగలగొట్టి గీజరు పెట్టిస్తుంటే, పొయ్యి పక్క గోడలో మసి పట్టి మూసుకుపోయిన గూడు ఒకటి బయటపడిందట. అందులో ఓ అగ్గిపెట్టె, ఎండిపోయిన చుట్ట ముక్కలు, పాత చీర పేలికలో చుట్టిన ఒక చెక్క దిమ్మె ఉన్నాయి. ఆ దిమ్మెను సుజాత సంచిలోంచి తీసి, ప్రసాదం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది.

"పసుపు కుంకుమ పెట్టి ఉన్నది వదినె. ఏ దేవుడో తెల్వది. మేస్త్రీ పారేస్తనంటె వద్దన్న" అంది.

దేవుడు కాదు. అది అచ్చు అక్షరం. అరచేయంత దిమ్మె మీద ఉబ్బెత్తుగా చెక్కిన ఇంగ్లీషు 'ఆర్'. తల మొత్తం కాలి బొగ్గయింది. ఒక కాలు నిటారుగా, ఇంకో కాలు ముందుకు చాచి, ఆ రెండు కాళ్ల చివర రెండు మందపాటి పాదాలు మాత్రం మిగిలాయి. మిగిలిన ఆ పాదాల మీదే పసుపు, దాని మీద కుంకుమ, మళ్లీ పసుపు, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. చూడగానే పోల్చాను. ఆ కాళ్లను గీసి చెరిపి, చెరిపి గీసి ఒక వానాకాలమంతా గడిపినదాన్ని, పోల్చకుండా ఎలా ఉంటాను? సుజాత చాయ్ తాగి వెళ్లేదాకా నేను పెద్దగా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో వింత కాబట్టి, ఒంట్లో బాగానే ఉంది కదా అని పోతూ పోతూ గుమ్మంలో ఆగి మరీ అడిగింది.

మా ఇంటికి కింద ప్రెస్సు, పైన కాపురం. బాపు, అంటే మా నాన్న, కరపత్రాలు, లగ్నపత్రికలు, గోడ పోస్టర్లు, కోర్టు వకీళ్లకు కావలసిన కాగితాలు అచ్చువేసేవాడు. ఉర్దూ పని మా దగ్గర ఉండేది కాదు. దాన్ని చెయ్యి తిరిగినవాళ్లు కలంతో రాస్తే వేరేచోట రాతి మీద అచ్చయ్యేది. తెలుగు, ఇంగ్లీషు మాత్రం మావి. పొద్దున మిషన్ మొదలైతే పైన వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. సిరా వాసన, అక్షరాలు తుడిచే కిరోసిన్ వాసన, నాయనమ్మ చుట్ట వాసన కలిసి మెట్లెక్కి వచ్చేవి. అమ్మ పప్పులో ఎంత వెల్లుల్లి పోపు వేసినా ఆ మూడింటి ముందు ఓడిపోయేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు నా పరికిణీ వాసన చూసి మీ ఇంట్లో దీపాలు అమ్ముతారా అని అడిగేవాళ్లు.

ఇంటి ఆడవాళ్లు కింది గదిలోకి వెళ్లేది ఏడాదికి ఒక్కరోజే, దసరాకు. ఆ రోజు మిషన్ ఆపి, కడిగి, నాయనమ్మ ముందు నడిస్తే అమ్మా నేనూ వెనక నడిచి మిషన్‌కు, అక్షరాల అరలకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పైకి వచ్చేసేవాళ్లం. మిగతా రోజుల్లో మాకు మెట్ల మలుపు దాకానే హద్దు. నేను ఆ మలుపులోనే కూర్చుని పెరిగాను. అచ్చు అక్షరం అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుంది, కాగితం మీద పడ్డాకే సరిగ్గా కనబడుతుంది. ఆ మెట్ల మీంచి చూసి చూసి తిరగబడ్డ అక్షరాన్ని చదవడం నాకు మామూలు చదువంత సులువుగా వచ్చేసింది. అది గొప్ప విద్య అని నాకు ఎవరూ చెప్పలేదు. ఆడపిల్ల మెట్ల మీద కూర్చుంటే ఇల్లు కలిసిరాదని మాత్రం చాలామంది చెప్పారు.

ఈ 'ఆర్' ఉన్న చెక్క అక్షరాల పెట్టెను బాపు సికింద్రాబాదులో మూతపడుతున్న ఒక ప్రెస్సు నుంచి తెచ్చాడు. పోస్టర్లకు వాడే పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. మామూలు ఇంగ్లీషు అచ్చులో గీత చివర సన్నటి తోకలాంటిది ఉంటుంది కదా, వీటికి అలా కాదు. నిలువు గీత ఎంత లావో దాని కింద పాదమూ అంతే లావు, ఇటుక పెట్టినట్టు బల్లపరుపుగా. స్లాబ్ సెరిఫ్ అంటారని చాలాకాలం తర్వాత తెలుసుకున్నాను. మా మిషన్ నడిపే యాదగిరన్న మాత్రం పెట్టె తెరిచిన రోజే "ఏంది సేటూ, వీటికి బూట్లు తొడిగిండ్రు" అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో అవి బూట్ల అక్షరాలు. వచ్చే గిరాకీలకు అవి నచ్చేవి కావు. అందరికీ తీగెల అక్షరాలు కావాలి. అంటే ప్రతి గీతకూ ఆకులూ పూలూ చుట్టుకుని ఉండే ఇంకో రకం, అది మా దగ్గర నిండుగా ఉండేది. బూట్లవి కుస్తీ పోటీల పోస్టర్లకే పనికొచ్చేవి. నాకు మాత్రం అవంటే ప్రాణం. తీగెల అక్షరం ముందు తన సోకు చూడమంటుంది, తర్వాత తీరిక ఉంటే చదవమంటుంది. బూట్ల అక్షరం వచ్చి ఎదురుగా నిలబడుతుంది. సిరా తక్కువైనా, కాగితం గరుకైనా, చదివేవాళ్ల కళ్లు మసకైనా అది కనబడి తీరుతుంది. ఇది నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను, ఎవరైనా కాదంటే వాదించడానికి తీరిగ్గానే ఉన్నాను.

నేను కాలేజీలో చేరిన ఏడు రూతమ్మ టీచర్ మా ఇంటికి వచ్చింది. బడిలో నాకు చదువు చెప్పిన మనిషి. ఉప్పుగూడలో వాళ్ల ఇంటి వరండాలో సాయంత్రం పూట పెద్దవయసు ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేది. ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లు, అగరబత్తీలు చుట్టేవాళ్లు, ఫలక్‌నుమా కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల కోసం ఒక పుస్తకం అచ్చువేయించాలని వచ్చింది. ముందు సగం తెలుగు. వెనక సగం ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, ఎందుకంటే బస్సు బోర్డు మీదా ఆస్పత్రి గది మీదా ఉండేవి అవే. మా ప్రెస్సులో అంతవరకు పుస్తకమన్నది అచ్చుకాలేదు. బాపు సంతోషంతో ఒప్పుకున్నాడు. నేను మెట్ల మలుపులోంచే, ఇంగ్లీషుకు బూట్ల అక్షరాలే వాడాలని, పేజీకి ఒక్కటే వేసి చుట్టూ ఖాళీ వదలాలని అన్నాను. కాగితం ఉత్తగా వస్తుందా అని బాపు కసిరాడు. కొత్తగా నేర్చుకునే మనిషికి ఒక్క పేజీలో పది కనబడితే ఏది చూడాలో తెలియక పుస్తకం మూసేస్తుందని నేను ఎదురు చెప్పాను. టీచర్ బాపుతో తాపీగా అంది: "ఈ పుస్తకం పని నీ బిడ్డ కింద కూసుని చేస్తెనే ఇస్త, అన్నా. లేకుంటె వేరే ప్రెస్సు చూసుకుంట."

బాపు ఇరుక్కుపోయాడు. పుస్తకం వదులుకోలేడు, ఆడపిల్ల మిషన్ పక్కన కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు ఏమంటారోనన్న భయం వదులుకోలేడు. సరే చూద్దామన్నాడు. నేను మాత్రం కింది గదిలో నా బల్ల ఏ కిటికీ పక్కన వేసుకోవాలో ఆ సాయంత్రమే తేల్చేసుకున్నాను. నాకు కావలసింది ఆ బల్లే. కాలేజీ పట్టా తర్వాత సంగతి.

అంతలో వానలు పట్టాయి. చెక్క అక్షరాలకు చెమ్మ తగిలితే ఉబ్బుతాయి, ఒకటి ఎత్తయి ఒకటి పల్లమై అచ్చు సరిగా పడదు. అందుకని వానాకాలంలో బాపు వాటిని కిరోసిన్‌తో తుడిపించి, ఇంట్లో పొడిగా ఉండే ఒకే ఒక చోట, నీళ్ల పొయ్యి పైనున్న అటక మీద పరిపించేవాడు. నాయనమ్మ పొయ్యి కట్టెలు ఆరేసుకునేదీ ఆ అటక మీదే. పగిలిన మామిడిపళ్ల పెట్టెలు, బల్ల చెక్కలు, కొబ్బరి డొక్కలు. తెల్లవారకముందే లేచి కాగు కింద మంట పెట్టడం, అదే మంటకు చుట్ట ముట్టించుకోవడం, ఎవరి ముందు ఎవరు స్నానం చేయాలో హుకుం జారీచేయడం ఆమె ఉద్యోగం. ముసురు పట్టిన ఒక పొద్దున కింద ఉన్న కట్టెలన్నీ తడిసి ఉంటే, అటక మీదికి చెయ్యి పెట్టి అందినవి అందినట్టు పొయ్యిలో వేసింది. కిరోసిన్ పీల్చుకున్న చెక్కలు ఒక్క పుల్లకే అంటుకున్నాయి. ఇంత మంచి కట్టె ఎక్కడిదే అని అమ్మను మెచ్చుకుందట కూడా. బాపు స్నానానికి వెళ్లి, పొయ్యి నోట్లోంచి సగం బయటికి చూస్తున్న ఒక బూటు కాలును గుర్తుపట్టేసరికి సగానికి పైగా అక్షరాలు బూడిదయ్యాయి.

మా ఇంట్లో అంత లొల్లి నేను మళ్లీ వినలేదు. బాపు తువాలుతోనే బయటికి వచ్చి తల్లి మీద అరిచాడు. కింద యాదగిరన్న మిషన్ ఆపేశాడు. అక్షరాలు కాల్చినవు, ఎవరన్న అక్షరాలు కాలుస్తరా అని బాపు మళ్లీ మళ్లీ అదే మాట అంటుంటే, నాయనమ్మ చుట్ట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నేను కాల్చింది కట్టె" అంది. "అది అక్షరమని నాకు ఎవరన్న చెప్పిన్రా? నీకు చెప్పించిన, నీ తమ్మునికి చెప్పించిన. నాకు చెప్పినోడు ఎవడురా?"

ఎవరూ అడగకుండానే నేను ఆమె పక్షం వెళ్లి, తప్పు ఆమెది కాదని అన్నాను. అక్షరాలను కట్టెల పక్కన పెట్టినవాళ్లది కొంత, ఆమెకు ఆ రెండింటికీ తేడా చెప్పనివాళ్లది మిగతా అంతా. రూతమ్మ టీచర్ పుస్తకం ఎవరి కోసమో ఆ మనిషి మన పొయ్యి దగ్గరే ఉందని కూడా అన్నాను. నాయనమ్మకు నా వకాల్తా నచ్చలేదు. నాకు సాయం మాట్లాడమని నిన్ను ఎవరు పిలిచారని నన్నే తిట్టి కట్టెలు సర్దుకోవడానికి పోయింది. ఆ ఏటి నుంచి దసరాకు ఆమె కింది గదికి రావడం మానేసింది. మోకాళ్ల నొప్పులంది. బాపు మీద అలిగిందని మేమంతా అనుకున్నాం.

సాయంత్రానికి బాపు తీర్పు చెప్పాడు. పుస్తకానికి తీగెల అక్షరాలు వాడదాం, అవైతే నిండుగా ఉన్నాయి, యాదగిరి చూసుకుంటాడు. అంటే నా బల్ల లేదు. నేను తీగెల అక్షరాలతో వేసిన లగ్నపత్రిక ఒకటి, బూట్ల అక్షరాలతో వేసిన పాత కుస్తీ పోస్టర్ ఒకటి తెచ్చి నాయనమ్మ ఎదురుగా గోడకు ఆనించి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, ఇదీ ఇదీ ఒకటేనా వేరువేరా అని అడిగాను. లగ్నపత్రిక మీద వేలు పెట్టినంతసేపు ఆమె, అన్నీ తీగెలే కదే, కాకర పందిరి లెక్క ఉంది అని కసురుకుంది. పోస్టర్ దగ్గరికి వచ్చేసరికి కళ్లు చిట్లించి, ఇది ఒంటికాలిది, ఇది రెండు కాళ్లది, ఇది రెండు కాళ్లదే గానీ నడుస్తుంది అని వరసగా చెప్పుకుపోయింది. బాపు నాకేసి తిరిగాడు.

"దసరా పూజ నాటికి తక్కువబడ్డ అక్షరాలన్ని నా బల్ల మీద ఉండాలె. ఉంటె కింద కూసో. లేకుంటె తీగెలే, మళ్ల నాతోని లొల్లి పెట్టుకోవద్దు."

"పెట్టుకుంట. అక్షరాలు కూడ తెస్త" అన్నాను.

పాత పోస్టర్లన్నీ వెతికి, కాలిపోయిన అక్షరాలను సన్నటి కాగితం మీద గీసుకున్నాను. 'ఆర్' ఉన్న పోస్టర్ మడత దగ్గర చివికిపోయి దాని పాదాలు లేవు, అవి మాత్రం నా అంచనాతో గీశాను. అచ్చుకు కావాలి కాబట్టి అన్నిటినీ తిరగేసి గీసి, ఫలక్‌నుమాలో మంచాలు, క్యారమ్ బోర్డులు చేసే మొయిన్ చాచా దగ్గరికి తీసుకెళ్లాను. మంచం కోళ్లకు వాడగా మిగిలిన గట్టి శీశం చెక్క ఉంది, చేసిస్తానన్నాడు. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెళితే చాచా ఎంతో సంతోషంగా గుడ్డ విప్పి చూపించాడు. పాలిష్ కూడా పెట్టాడు.

"అన్ని ఉల్టా రాసినవ్ బేటీ. తొందర్ల రాసినట్టున్నవ్. ఫికర్ చేయకు, నేనే సీదా చేసిన."

చాచా బళ్లు, డబ్బాలు, దుకాణాల బోర్డులు చూసి ఇంగ్లీషు అక్షరాల రూపాలు తెలిసినవాడు. పిల్ల తప్పు రాసిందని నలుగురిలో మాట పడకుండా చూద్దామనుకున్నాడు. సరిగ్గా చెక్కిన అక్షరం కాగితం మీద తిరగబడి పడుతుందని ఆయనకెలా తెలుస్తుంది? అద్దంలో చూసినా మారనివి, ఏ, హెచ్, టి లాంటివి మాత్రం బతికాయి. నడిచే అక్షరాలన్నీ పోయాయి. సంగతి చెప్పి, ఒకదానికి తడి పాలిష్ రాసి నా పుస్తకం అట్ట మీద నొక్కి చూపించాను. చాచా రంపం తీసి, పాలిష్ పెట్టిన చెక్కలు పక్కకు నెట్టి, నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. ఇక ప్రతిదీ నేను పట్టుకుని కూర్చుంటే ఆయన కోశాడు. కాలేజీ అయ్యాక అటే వెళ్లేదాన్ని, రంపపు పొట్టు జడలో వేసుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఎత్తు తక్కువైన దిమ్మెల కింద పాత క్యాలెండర్ అట్టలు అంటించి సరిచేశాను.

చేసినవాటిని తెచ్చి నాయనమ్మ ముందు పెట్టడం నాకు అలవాటైంది. ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. 'ఆర్' తెచ్చిన రోజు మాత్రం చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో దాని పాదాలు రెండూ తడిమింది.

"ఇది గట్ల కాదు. దీని బూటు ఇంక మందం ఉండె" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని గీసినదాన్ని నేను, పొయ్యిలో వేసినదానివి నువ్వు, నీకెట్ల తెలుసు అని అడిగాను. "కాల్చినదాన్ని, నాకు తెల్వదా" అని చుట్ట నోట్లో పెట్టుకుంది. మొండితనమనే అనుకున్నాను. రుజువు చేద్దామని మిగిలిన పాత అక్షరాల పక్కన పెట్టి దారంతో కొలిచి చూస్తే నా 'ఆర్' పాదాలు సన్నగానే ఉన్నాయి. అందంగా ఉంటుందని నాకు తెలియకుండానే కొంచెం నాజూకు చేశాను. మర్నాడు మళ్లీ ఫలక్‌నుమా వెళ్లి కోయించుకొచ్చాను. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఆమే చూసి ఊరుకుంది.

దసరా పొద్దున బొట్లు పెట్టడానికి అమ్మా నేనూ దిగేసరికి అక్షరాలు బాపు బల్ల మీద వరసగా ఉన్నాయి. ముందు రోజే యాదగిరన్న చేత పెట్టించాను. బాపు కిటికీ పక్కనున్న కాగితాల కట్టలు తీయమని యాదగిరన్నకు చెప్పాడు. "మేడమ్‌కు కుర్సీ గిట్ల కావాల్నా, స్టూల్ నడుస్తదా" అని యాదగిరన్న నన్ను అడిగాడు. స్టూలు చాలన్నాను. పండుగ వెళ్లాక పేజీకి ఒక్క అక్షరం, చుట్టూ ఖాళీ, నేను చెప్పినట్టే పుస్తకం అచ్చయింది. రూతమ్మ టీచర్ వరండాలో ఒకామె 'ఎస్' పేజీని చేయి చాచి దూరంగా పట్టుకుని, వేలు గాలిలో తిప్పుతూ చూడటం నేను కళ్లారా చూశాను. నాయనమ్మకు కూడా ఒకటి ఇచ్చాను. చదవడం నేర్చుకోమంటే ఇప్పుడు నేర్చుకుని ఏ కోర్టులో వాదించాలని అడిగింది. ఆమె నేర్చుకోలేదు. ఆ విషయంలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటాను.

ఆ స్టూలు మీంచి మొదలుపెట్టి నేటికీ అక్షరాలు పేర్చి పుస్తకాల పేజీలు కడుతూనే ఉన్నాను. చెక్క అక్షరం పోయింది, సీసపు అక్షరం పోయింది, బాపు పోయాడు. ప్రెస్సు గదిలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. కంప్యూటర్‌లో మీట నొక్కితే వెయ్యి రకాల అక్షరాలు దిగుతాయి. అయినా నా పక్కన పనిచేసే పిల్లలు ఏరికోరి వెంట్రుకంత సన్నటి అక్షరాన్ని, అదీ బూడిద రంగులో పెట్టి, బాగుంది కదా మేడమ్ అంటారు. ఎవరు చదువుతారు, ఏ వెలుతురులో చదువుతారు అని అడుగుతాను. నా వెనక ఏదో అనుకుంటారు. అనుకోనీ. అప్పట్లో ఒక్క పాదం మందం కోసం బస్సు ఎక్కి ఊరి చివరికి వెళ్లాల్సి వచ్చేది కాబట్టి, దాన్ని ఎందుకు అంత మందం పెట్టాలో ముందు మనకు తెలిసి ఉండేది. ఇప్పుడు వేలు కదిపితే మారిపోతుంది కాబట్టి ఎవరూ ఎవరినీ అడగరు.

ఆ దిమ్మె ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పాదాలను వేలితో తడిమి చూశాను. అవును, మందమే. నాయనమ్మది జ్ఞాపకమూ కాదు, మొండితనమూ కాదు. ఆ పొద్దున అందరూ అరుచుకుంటుంటే మంటలోంచో, తర్వాత బూడిదలోంచో దీన్ని తీసి, ఆర్పి, తన చుట్టల గూట్లో దాచుకుంది. ప్రతి దసరాకు మేము కింద మిషన్‌కు బొట్టు పెడుతుంటే, మోకాళ్ల నొప్పులని పైన ఉండిపోయి, పొయ్యి దగ్గర కూర్చుని దీనికి పెట్టుకుంది. అది ఏ అక్షరమో ఆమెకు తెలియదు. నడుస్తున్నదని తెలుసు. నన్ను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని. నేను ఒక్కసారి సరిగ్గా అడిగి ఉంటే ఆమే చూపించేదేమో.

ఈ రాత్రి భోజనాలప్పుడు సుజాతకు ఫోన్ చేశాను. ఏ దేవుడో తెలిసిందా వదినె అని ముందు అదే అడిగింది. తెలిసింది, వచ్చి చెప్తా అన్నాను.

"ఆ గూడు మూసిన్రా?"

"లేదు వదినె. రేపు పొద్దున సిమెంటు పెడుతరట. గీజరు పైపు అక్కడికెళ్లే పోవాల్నంట."

"పైపు ఇంకో దిక్కుకెళ్లి పోతది. గూడు ముట్టుకోవద్దని చెప్పు. మేస్త్రీతోని నేను మాట్లాడత, పొద్దుగాల్నే వస్తున్న."

దిమ్మెను తుడవలేదు. మళ్లీ అదే పేలికలో చుట్టి, బూట్లు కిందికి ఉండేలా సంచిలో పెట్టుకున్నాను.